గాసి గొంతు నాలుగో నిమిషం దగ్గర ఆగిపోవుట గురించి

ఈతలపుట్టు గ్రామం,
హుకుంపేట మండలం.
ఆగస్టు 9.

డివిజన్ స్థాయి అటవీ హక్కుల కమిటీ అధ్యక్షుల వారి సముఖమునకు, ఈతలపుట్టు గ్రామ కాపురస్థుడు, ఆశ్రమ పాఠశాల విశ్రాంత ఉపాధ్యాయుడు, గ్రామ అటవీ హక్కుల కమిటీ కార్యదర్శి అయిన గొల్లోరి ధనుంజయ్, వయసు 73 సంవత్సరములు, వ్రాసుకొను నాలుగవ అర్జీ.

అయ్యా,

విషయం: తమ కార్యాలయం మా గ్రామ కమిటీకి ఇచ్చిన లాప్‌టాప్, కెర్నల్ మార్పిడి జరిగిన నాటి నుండి బిగుసుకుపోవుట, తనంతట తానే ఆరిపోవుట, అందులో ఉన్న కీర్తిశేషులు పాంగి గాసి వాంగ్మూలమును చెరిపివేయక, బయటకు తీయించి, విచారణ రోజున వినవలసినదిగా మనవి.

సూచిక: నా మునుపటి అర్జీలు మూడు. మొదటిదానికి రసీదు ఉన్నది. రెండవది లాప్‌టాప్ వరుస సంఖ్య రాయలేదని తిరిగి వచ్చినది. మూడవదానిలో వరుస సంఖ్య రాసితిని. అది తిరిగి రాలేదు.

ఈ అర్జీని స్వయంగా ఇవ్వాలని ఈ ఉదయం తమ కార్యాలయానికి వచ్చాను. ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఈ రోజు ఆదివాసీల అర్జీలు తీసుకోబడవని గేటుకు కాగితం అంటించి ఉన్నది. మా ఊరి ఆడవాళ్లు ఆరుగురిని థింసా ఆడించడానికి తమ జీపులోనే లోపలికి తీసుకుపోయారు. వాళ్లలో ఒకరి చేతికి ఇచ్చి పంపబోయాను. నాట్యానికి వచ్చినవారి చేతుల్లో కాగితాలు ఉంటే ఫొటోలో బాగుండదని జీపుతో వచ్చిన అబ్బాయి చెప్పాడు. అతను చెప్పింది నిజమే. అందుచేత తపాలాలో పంపుతున్నాను.

విన్నవించుకొను అంశములు:

1. మా ఊరి పడమటి కొండ మీద సామాజిక హక్కు కోరుతూ 2019లో గ్రామసభ తరఫున దరఖాస్తు పెట్టుకున్నాము. ఆ కొండను మేము బోడికొండ అంటాము. తమ పటంలో దానికి పేరు లేదు, అంకె ఉన్నది. నిబంధన ప్రకారం తొమ్మిది మంది పెద్దల వాంగ్మూలాలు జతపరిచాము. తొమ్మిదీ ఒకే చేతిరాతలో ఉన్నందున నమ్మదగినవి కావని తమ కార్యాలయం త్రోసిపుచ్చినది. ఆ తొమ్మిది మందికీ చదువు రాదు. వాళ్లు చెప్పినది రాసినవాడిని నేను. తొమ్మిది చేతులతో రాయడం నాకు చేతకాలేదు.

ఐదేళ్ల తరువాత, పెద్దల మాటలు గొంతుతో సహా రికార్డు చేసి పంపితే దరఖాస్తు మళ్లీ తెరుస్తామని ఉత్తరువు వచ్చింది. అందుకని లాప్‌టాప్ ఇచ్చారు. ఇవ్వడానికి పెట్టిన సభలో నాకు శాలువా కూడా కప్పారు. అప్పటికి తొమ్మిది మందిలో ఎనిమిది మంది చనిపోయారు. మిగిలినవాడు గాసి ఒక్కడు.

2. గాసికీ నాకూ ముప్పై రెండేళ్లుగా మాటలు లేవు. కారణం ఐదవ అంశంలో ఉన్నది. 2019లో కూడా అతను చెబుతుంటే మధ్యలో అతని భార్య సోములమ్మ కూర్చుని, ఆ మాట మళ్లీ నాకు చెప్పేది. రెండడుగుల దూరంలో ఉండి నేను ఆమె దగ్గర విని రాసుకున్నాను.

గత ఫిబ్రవరిలో లాప్‌టాప్ పట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడినప్పుడు గాసి దానిని అటూ ఇటూ తిప్పి చూసి, నా మొహం చూడకుండా అన్నాడు: "ఈ పెట్టె సంతకం ఎట్టమని అడగదు గదా, మేస్టారూ?"

అడగదన్నాను. అయితే కూర్చోమన్నాడు.

మా పద్ధతి తమకు తెలియకపోవచ్చును కనుక రాస్తున్నాను. బోడికొండ చుట్టూ పదకొండు నిలువు రాళ్లు ఉన్నవి. ఒక్కొక్క రాయి చనిపోయిన ఒక పెద్ద పేరున పాతినది. ఒక రాయి నుంచి ఇంకొక రాయికి ఏ గెడ్డ, అంటే ఏ వాగు, దాటాలి, ఏ మలుపు తిరగాలి అన్నది ఆ పేర్లతో కలిపి చెప్పాలి. 2019లో గాసి ఈ వరుస చెప్పలేదు. మొదటి రాయి నుంచి పదకొండో రాయి దాకా ఒకే వరుసన చెప్పాలి. మధ్యలో ఆగితే మళ్లీ మొదటికి రావాలి. గాసి మూడుసార్లు మొదటికి వచ్చాడు. ఒకసారి దగ్గు, ఒకసారి కోడి, ఒకసారి నేను. నాలుగోసారి ఒక గంటా యాభై రెండు నిమిషాలు చెప్పాడు. మంచినీళ్లు అడగలేదు.

గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుగా చేస్తున్న మా ఊరి పిల్ల హేమలత పక్కనే ఉండి రికార్డు చేసింది. అయిపోగానే, "తాతా, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ వేసేద్దామా?" అంది. గాసి వద్దన్నాడు. రాళ్ల పేర్లు ఒక మనిషి దగ్గరే ఉండాలి, ఆ మనిషి ఇంకొక మనిషికే ఇవ్వాలి అన్నది వాళ్ల ఇంటి కట్టు. "ఒక సోటే ఉండాల. మాటియ్యి" అని నా వైపు చెయ్యి చాపాడు. ముప్పై రెండేళ్ల తరువాత నన్ను అడిగిన మొదటి కోరిక. మాట ఇచ్చాను. శాస్త్రీయంగా ఇది తెలివితక్కువ పని అని నాకు అప్పుడే తెలుసు. చాలా పుస్తకాలు చదివినవాడిని. కాపీ తీయలేదు.

ఏప్రిల్ పదకొండున గాసి చనిపోయాడు.

3. మే నెలలో, లాప్‌టాప్‌ను సచివాలయంలో నెట్‌కు కలిపినప్పుడు, భద్రత కోసం ముఖ్యమైన మార్పు వచ్చినదని, వేసుకోమందురా అని తెర మీద అడిగింది. అన్ని గ్రామాలూ వారంలోగా వేసుకోవాలని తమ కార్యాలయం పంపిన సందేశం కూడా ఉన్నది. నేను చివరి దాకా చదివాను. ఏ కాగితాన్నైనా చివరి దాకా చదివి గాని ఒప్పుకోను. చదివి, ఒప్పుకున్నాను. ఈ నేరం నాది.

మారినది కెర్నల్ అట. అదేమిటని హేమలతను అడిగాను. "మనం సెప్పింది మిషనుకి, మిషను సెప్పింది మనకి అందజేసేది తాతా. అది లేకపోతే రెండూ మూగే" అంది. దుబాసీ అన్నమాట. దుబాసీలు మారినప్పుడల్లా ఈ కొండల్లో ఏమి జరిగినదో చరిత్ర పుస్తకాల్లో చదివి ఉన్నాను. అప్పుడు జ్ఞాపకం రాలేదు.

మరుసటి రోజు నుంచి సదరు లాప్‌టాప్ ప్రవర్తన ఈ విధంగా ఉన్నది. వెలుగుతుంది. గాసి మాట మొదలవుతుంది. మొదటి రాయి, గెడ్డ, మలుపు. నాలుగు నిమిషాల పదకొండో సెకను దగ్గర తెర బిగుసుకుపోతుంది. గొంతు మాత్రం ఆగదు. అక్కడ గాసి "మా తాత" అనబోతున్నాడు. "మా" దగ్గర పట్టుకుని, "మా మా మా మా" అని, బటను నొక్కిపట్టి ఆర్పేదాకా అంటూనే ఉంటుంది. కొన్నిసార్లు తానే ఆరిపోతుంది. ముందుకు జరిపి విందామన్నా, వేరేచోటికి ఎక్కిద్దామన్నా అంతే. డిస్కు ఊడదీసి వేరే మిషనులో పెట్టినా తెరుచుకోదు. దాని తాళంచెవి, అంటే తెరిచే రహస్య సంఖ్య, తమ కార్యాలయం వద్ద ఉన్నది.

మొదటిసారి ఇది జరిగినప్పుడు సోములమ్మ నవ్వింది. "బతికున్నప్పుడూ ఇంతే. ఒక మాట పట్టుకుంటే ఒగ్గీవోడు కాడు" అంది. రెండోసారి నవ్వలేదు. మూడోసారి లేచి కోళ్లకు గింజలు వేయడానికి వెళ్లింది. ఇప్పటికి నేను పందొమ్మిది సార్లు విన్నాను. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు.

ఒకసారి మాత్రం ఆరిపోయే ముందు నల్లటి తెర మీద ఇంగ్లీషులో కొన్ని పంక్తులు వచ్చినవి. నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివాను. కెర్నల్ తాను బెదిరిపోయానని, ఇక సాగలేనని తన చేత్తో రాసింది. నా జీవితంలో ఎన్నో కార్యాలయాలకు తిరిగాను. తన వల్ల కావడం లేదని రాసి ఇచ్చినది ఇదొక్కటే. దాని మీద నాకు కోపం లేదు.

4. జూన్ నెలలో హేమలత ఒక ఉపాయం కనిపెట్టింది. కొత్త కెర్నల్ వచ్చినా పాతది ఒక మూలన ఉంటుందట. లాప్‌టాప్ వెలిగేటప్పుడు ఒక బటను పట్టుకుంటే, ఏది కావాలని అడుగుతుంది. పాతది ఎంచుకున్నాము. యంత్రం పూర్వంలాగే నడిచింది. గాసి నాలుగో నిమిషం దాటాడు. నలభై నిమిషాలు, ఐదో రాయి దాకా విన్నాము. సచివాలయం మూసే వేళ అయినందున అక్కడ ఆపాము. మిగతాది మర్నాడు మొదటి నుంచి విందామనుకున్నాము. కాపీ తీద్దామని హేమలత మళ్లీ అడిగింది. నేను మళ్లీ వద్దన్నాను. ఇది నా రెండవ నేరం.

మర్నాడు పొద్దున్నే, నా మొదటి అర్జీ మీద చర్యగా, తమ కాంట్రాక్టు టెక్నీషియన్ కొండబాబు బైకు మీద వచ్చాడు. పార్వతీపురం వైపు మనిషి. చెడ్డవాడు కాడు. టీ తాగాడు. నేను పెరట్లోకి వెళ్లి వచ్చేసరికి పని అయిపోయింది.

"కిలీన్ చేసీసాను మేస్టారూ. డిస్కు నిండిపోనాది. పాత కెర్నల్లు రెండు సోటు తినేత్తన్నాయి, పీకీసాను."

"పాతది ఎందుకు తీశావు బాబూ? దాని మీదనే నడుస్తున్నది."

"కొత్తదుండగా పాతది దేనికండీ? బేగి నడుత్తాది ఇంక."

సోములమ్మ అక్కడే ఉన్నది. మా ఇళ్లలో సామ గాని, రాగి గాని, కొత్త పంట ఇంటికి వచ్చి, పెద్దలకు పెట్టి, మేము తిని, మంచిదని తేలేదాకా పాత విత్తనం దాచిన సొరబుర్ర ఖాళీ చేయము. ఆమె కొండబాబును పైనుంచి కింది దాకా చూసి, "నీకు పెల్లయినాదేటి బాబూ?" అని అడిగింది.

"నేదండి."

"మంచిది. మీ అత్త ఇత్తనాలు ఒండుకు తినీసీవోడివి."

అతను కూడా నవ్వాడు. వెళ్లేటప్పుడు నాతో ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. సమస్య పరిష్కరించబడినది అని అందులో ఉన్నది. చదివి, సంతకం చేయనన్నాను. చేయకపోతే తనకు ఆ రోజు హాజరు పడదన్నాడు. చేశాను.

అదే రోజు నాలుగో నిమిషం దగ్గర గాసి మళ్లీ ఆగిపోయాడు.

5. బోడికొండ మీద మా హక్కుకు వ్యతిరేకంగా తమ ఫైలులో ఉన్న ఆధారం ఒక్కటే. 1993లో జరిగిన పంచనామా. సదరు కొండ ఎవరి అనుభవంలోనూ లేదని అందులో రాసి ఉన్నది. దాని మీద ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నవి. మొదటి సాక్షి మరణించినాడు. రెండవ సాక్షి ఈ అర్జీదారుడు.

అప్పుడు నేను బొర్రా అవతల ఒక పాఠశాలలో పనిచేస్తున్నాను. మా ఊరికి బదిలీ కావాలని రెండేళ్లుగా తిరుగుతున్నాను. నేను సెలవుకు ఊరికి వచ్చినప్పుడు, సర్వేకు వచ్చిన అధికారి మా ఊరి పాఠశాల వరండాలో కుర్చీ వేసుకుని, ఊరిలో చదువుకున్నవాడివి నువ్వే కదా అన్నాడు. ఎవరూ కొండ ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు. అప్పుడు బోడికొండ మీద గాసి కందులు కోతకు వచ్చి ఉన్నవి. అధికారి నన్ను బెదిరించలేదు. బదిలీ గురించి ఒక్క మాట అనలేదు. నా కలం నేనే తీశాను. రెండు నెలలకు బదిలీ వచ్చింది. అందుకే వచ్చిందో, ఊరికే వచ్చిందో నాకు నేటికీ తెలియదు. గాసి కందులు కోసుకోవడానికి వెళ్తే గార్డులు దింపేశారు.

ఈ సంగతి మునుపటి మూడు అర్జీలలోనూ రాయలేదు.

6. తమ కార్యాలయ సూపరింటెండెంట్ సర్వేశ్వరరావు గారి గురించి. నేను కొన్ని విదేశీ నవలలు అనువాదంలో చదివాను. వాటిలో గుమాస్తాలు దయనీయంగా ఉంటారు. తమ కార్యాలయంలో దయనీయులు బల్లకు ఇవతల ఉంటారు. జూలైలో నన్ను కూర్చోబెట్టి, ఆయన సౌమ్యంగా ఈ క్రింది విధంగా సెలవిచ్చారు.

"మాస్టారూ, కొత్త లాప్‌టాప్ ఇస్తాం. పాతది ఆగస్టు పద్నాలుగో తారీఖులోగా సరెండర్ చెయ్యండి. ఫార్మాట్ చేసి ఇంకో ఊరికి ఇవ్వాలి."

"అందులో మనిషి ఉన్నాడండీ."

"పోయాడు కదా?"

"పోయాడు. అందుకే అందులో ఉన్నాడు."

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టారు. తరువాత ముందుకు వంగి అన్నారు: "ఇరవై ఒకటిన విచారణ. రాళ్ల పేర్లు ఏవో పదకొండు మీరే రాసి పెట్టండి. ఇంకొకరి చేత చదివించి రికార్డు చెయ్యండి. ఆ కొండెక్కి ఎవరు చూడొచ్చారు చెప్పండి?"

ఆయన దురుద్దేశంతో అనలేదని నమ్ముతున్నాను. ఎవరూ కొండ ఎక్కరని 1993లో నేనూ అనుకున్నాను. ఆయనకు నమస్కారం పెట్టి వచ్చేశాను. ఇది ఫిర్యాదు కాదు. ఫైలులో ఉండాలని రాస్తున్నాను.

కావున తమరికి నా ప్రార్థన. పద్నాలుగో తారీఖున లాప్‌టాప్ ఇవ్వను. ఇరవై ఒకటిన విచారణకు నేనే తీసుకువస్తాను. దాని తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదో ఆ మనిషిని, పాత కెర్నల్ తిరిగి పెట్టగలిగిన మనిషిని ఆ రోజు అక్కడ కూర్చోబెట్టండి. ఇద్దరూ ఒకరే అయితే ఇంకా మంచిది. డిస్కును చెరపవద్దు. ఒక గంటా యాభై రెండు నిమిషాలు కమిటీ వారు కూర్చుని వినండి. కాపీ తీయవలసి వస్తే తీయండి. గాసికి ఇచ్చిన మాట తప్పిన బాధ్యత నేను పడతాను. అతని విషయంలో అది నాకు అలవాటే.

ఇరవై ఒకటిన వినకపోతే దరఖాస్తు శాశ్వతంగా మూసివేయబడునని నోటీసులో ఉన్నది. చదివాను. చివరి దాకా చదివాను.

ఈ నాలుగవదానినైనా చిత్తగించవలెను.

విధేయత ఇంకా కొంత మిగిలి ఉన్న
గొల్లోరి ధనుంజయ్

తా.క. ఆగస్టు 10.

ఆదివారం తపాలా లేదు కనుక ఇది ఇంకా నా దగ్గరే ఉన్నది. వాంగ్మూలం ఇచ్చినవాని భార్యగా సోములమ్మ వేలిముద్ర వేయించడానికి నిన్న సాయంత్రం ఆమెకు మొత్తం చదివి వినిపించాను. ఐదో అంశం కూడా చదివాను. ఆమె చింతపిక్కలు ఒలుస్తూ వింది.

"ఇన్ని మాటలు రాసినావు. మిషను బాగవకపోతే ఏటి సేత్తావు?"

"మళ్లీ రాస్తాను."

"ఆల ముందర నువ్వు సెప్పవేటి?"

"నా మాట చెల్లదు సోములమ్మా. ఆ కాగితం మీద నా సంతకం ఉంది."

"నీ సంతకం ముప్పై రెండేళ్లు సెల్లింది గదా. మాటెందుకు సెల్లదు?"

నా దగ్గర సాక్ష్య చట్టం మీద రెండు పుస్తకాలు ఉన్నవి. అవి తీయలేదు.

"నేను ఆ కొండ ఎక్కనే లేదు. ఏమని చెప్పను?"

"ఎక్కు."

"రాళ్ల పేర్లు నీకు తెలుసా?"

"నాకెందుకు సెప్తారు? పేర్లు ఆడికే తెలుసు. నాకు తోవ తెలుసు. కర్రలకెళ్లీదాన్ని, ఆకులకెళ్లీదాన్ని. ఆడు ఆగిన సోటల్లా నానూ ఆగీదాన్ని."

కనుక అయ్యా, ఇరవై ఒకటిన సాక్షుల పట్టికలో నా పేరు చేర్చండి. 1993 పంచనామాలో నా సంతకం కొండ చూడకుండా పెట్టినదని ప్రమాణం చేసి చెబుతాను. అందుకు విశ్రాంత ఉద్యోగి మీద ఏ చర్య తీసుకోవచ్చునో సర్వేశ్వరరావు గారికి తెలిసి ఉంటుంది. వెతికించండి. రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నవో కూడా చెబుతాను. పదకొండు పేర్లూ చెప్పలేను; గాసి చెప్పిన నాడు విన్నాను గాని నా తలలో నిలవలేదు. పేర్లు తమ తాళం వెనుక ఉన్నవి. డిస్కు గురించి పైన రాసినది అలాగే ఉంచండి.

ఈ ఉదయం వాన తెరిపిచ్చాక బయలుదేరాము. ముందు ఆమె, వెనుక నేను. రెండు రాళ్లు చూశాను. రెండవదాని దగ్గర మోకాలు పట్టేసింది. ఆమె కూడా ఆగింది. పక్కన అడ్డాకులు కోసుకుంటూ ఉన్నది. రాయి నా నడుమంత ఎత్తున్నది. అడుగున మట్టి ఎగదోసి ఉన్నది. అది ఈ ఏడాది పని. చుట్టూ కాళ్లు నడిచి నడిచి నేల గట్టిపడి, గడ్డి మొలవడం లేదు. పంచనామాలో ఒక వాక్యం ఉన్నది: "సదరు స్థలమున మనుష్య సంచార చిహ్నములేవియు కానరాలేదు." అది అధికారి రాసిన వాక్యం కాదు. ఆయనకు తెలుగు సరిగా రాదంటే నేనే కూర్చి ఇచ్చాను. దోషం లేకుండా రాశాను.

ఆమె ఆకుల మోపు కట్టుకున్నాక దిగి వచ్చాము. రేపు మూడో రాయి దగ్గరకు వెళతాము.